నీళ్ల పరీక్ష కాగితం మన చేతికి రావాలి

(మండల సమాఖ్య మహాజన సభలో గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)

పొదుపులు, అప్పుల లెక్కలు ఇందాకే చదివారు. మేము ఈ ఏడాది చేసిన ఇంకో పని గురించి చెప్తాము. అది నీళ్ల పని.

ఫ్లోరైడు గురించి మన వైపు వాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. పిల్లల పళ్ల మీద గోధుమ రంగు చారలు, పెద్దవాళ్ల వంగిన నడుములు మనం రోజూ చూస్తున్నవే. దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. అంటే మన అమ్మమ్మల కాలం నుంచి ఉన్న బాధ ఇది.

పోయిన ఎండాకాలం యూనివర్సిటీ నుంచి పరిశోధన చేసే పిల్లలు ఇద్దరు వచ్చారు. ఊళ్లో బోర్ల నీళ్లు, కుళాయి నీళ్లు, క్యాన్ నీళ్లు అన్నీ పరీక్ష చేస్తామన్నారు. మా వాళ్లు వెంటనే ఒప్పుకోలేదు. ఇంతకుముందు కూడా ఎవరెవరో వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకుపోయారు, మళ్లీ మొహం చూపించలేదు. "మా నీళ్లతో మీకు డిగ్రీ వస్తది, మాకేమొస్తది?" అని మా సంఘంలో పెద్దామె అడిగేసింది. ఆ అమ్మాయి ఏమీ అనుకోలేదు. "మీ షరతులు చెప్పండి పెద్దమ్మా, రాసి సంతకం పెడతాం" అన్నది.

మేము మూడు షరతులు పెట్టాము. తీర్మానాల పుస్తకంలో రాసుకున్నాము.

ఒకటి, ఏం తేలిందో వాళ్ల పుస్తకంలోకి ఎక్కకముందే మా మీటింగులో తెలుగులో చదివి చెప్పాలి. రెండు, బోరు ఎవరిదో పేరు రాయకూడదు, నంబరు వేయాలి. పళ్లకు మచ్చలున్నాయని ఆడపిల్లల సంబంధాలు వెనక్కిపోయిన ఇళ్లు మనకు తెలుసు. పుస్తకంలో పేరు పడితే ఆ ఇంటికి ఇంకో కష్టం. మూడు, నీళ్లు పట్టే పద్ధతి మా సభ్యులకు నేర్పాలి.

నేర్పారు. బోరు కాసేపు వదిలేసి, పైపులో నిలవున్న నీళ్లు పోయాక పట్టాలి. సీసాను అదే నీళ్లతో రెండు మూడుసార్లు తొలిచి నింపాలి. ఫ్లోరైడు పరీక్షకు గాజు సీసా పనికిరాదు, ప్లాస్టిక్కే కావాలి. సూక్ష్మజీవుల పరీక్షకైతే వాళ్లు శుద్ధి చేసి ఇచ్చిన సీసాను తొలవకూడదు, ఐసులో పెట్టి త్వరగా ల్యాబుకు చేర్చాలి. ఎండాకాలం ఒకసారి, వానలయ్యాక ఒకసారి పట్టాము.

చెప్పిన మాట ప్రకారం ఆ పిల్లలు కాగితాలు తీసుకుని వచ్చారు. ఒక లీటరు నీళ్లలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిది, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు, అంతకు మించకూడదని చెప్పి ఒక్కో నంబరు చదివారు. ఉప్పగా ఉంటాయని మేము పశువులకు పెట్టే బోరు హద్దులోనే ఉంది. తియ్యగా ఉంటాయని అందరం బిందెలు వరస పెట్టే బోరు హద్దు దాటింది. అంగన్‌వాడీకి నీళ్లు తెచ్చేది ఆ బోరు నుంచే. ఆ మాట వినేసరికి మీటింగులో ఎవరికీ నోట మాట రాలేదు. చిగుళ్ల లోపల పళ్లు తయారయ్యే వయసులోనే ఈ నీళ్లు పిల్లల పళ్లను పాడు చేస్తాయి. ఆ మచ్చ తర్వాత పోదు.

ఇంకో సంగతి తెలిసింది. క్యాన్లు అమ్మేవాళ్లు చిన్న మీటరు ముంచి అంకె చూపిస్తారు కదా, అది నీళ్లలో కరిగిన లవణాలు మొత్తం ఎన్నో చెప్తుంది, ఫ్లోరైడు ఎంతో చెప్పదు. నీళ్లు మరగబెడితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు పోదు. నీళ్లు ఇగిరే కొద్దీ ఇంకా చిక్కనవుతుంది.

ఆ వారంలోనే తీర్మానం రాసి, పరీక్ష కాగితం జతచేసి పంచాయతీకి ఇచ్చాము. అంగన్‌వాడీ దాకా కుళాయి లైను కావాలని అడిగాము. లైను వచ్చేదాకా ఊరుకోలేదు. వారానికో సంఘం చొప్పున వంతులు వేసుకుని, రోజూ రెండు బిందెలు కుళాయి నీళ్లు మోశాము. పంచాయతీకి మూడు నెలలు తిరిగితే లైను వేశారు. అవతలి వీధికి ఇంకా రాలేదు, తిరుగుతూనే ఉన్నాము.

మిగతా సంఘాలను మేము కోరేది ఇదే. జల జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకు నీళ్ల పరీక్ష నేర్పాలని ఉంది. ఆ ఐదుగురు మీ ఊళ్లో ఎవరో కనుక్కోండి, లేకపోతే మీ సభ్యుల పేర్లు ఇవ్వండి. కిట్టు పెట్టెలో మూలన పడి ఉంటే అడిగి తీయించండి. చదువుకునే పిల్లలు నీళ్ల కోసం వస్తే తరమొద్దు, ఊరికే పంపనూ వద్దు. ముందు షరతు రాయించుకోండి. అప్పు తీసుకుంటే రసీదు అడుగుతాము కదా, మన నీళ్లు తీసుకున్నవాళ్లను కూడా కాగితం అడుగుదాము.