శ్రీశైలం మఠాలు
(శతాబ్ది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన అధ్యక్ష ఖండము నూరేండ్ల పండుగలో శైవ మఠాల ప్రసక్తి ఎందుకని కొందరికి తోచవచ్చును. నల్లమల కొండ మనకు పొరుగు. మన సంఘము పుట్టుటకు ఎన్నో వందల ఏండ్ల ముందే, భక్తి కొరకు ఇల్లు విడిచినవారు ఆ కొండమీద కట్టడాలు కట్టిరి. వాటికేమి జరిగినదో తెలిసికొంటే మన ఇంటి సంగతి ఆలోచించుకొనుటకు వీలగును.

శ్రీశైల దేవాలయ పరిసరాలలో ఐదు మఠాలు పేరుపొందినవి: ఘంటా మఠం, భీమశంకర మఠం, విభూతి మఠం, రుద్రాక్ష మఠం, సారంగధర మఠం. మఠమనగా గురువు, శిష్యులు ఉండుచోటు, చదువు చెప్పుచోటు, బాటసారికి నీడనిచ్చుచోటు. మోటారు రోడ్డు లేని రోజులలో ఆత్మకూరు నుండి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా అడవిలో నడచి వచ్చినవానికి ఆ నీడ విలువ ఎంతో వేరే చెప్పనక్కరలేదు.

11వ శతాబ్దము చివర ఇక్కడి మల్లికార్జున శిలామఠానికి రామేశ్వర పండితుడను కాలాముఖ గురువు అధిపతి. కాకతీయ రెండవ బేతరాజు ఆయనకు శిష్యుడై ఊరు దానమిచ్చెనని కాజీపేట దర్గా శాసనము తెలుపుచున్నది. రాజులు మ్రొక్కిన ఆ శాఖ నేడు లేదు. కాలాముఖుల మఠాలు పెక్కు వీరశైవుల చేతికి వచ్చినవి. తరువాత దేవాలయ నిర్వహణ 1840 ప్రాంతము నుండి పుష్పగిరి పీఠాధిపతులు చూచిరి. 1929లో ఒక కమిటీ ఏర్పడెను. 1949లో దేవాదాయ శాఖ వచ్చెను. గుడికి జనము తగ్గలేదు. మఠాలు మాత్రము పాడుపడినవి.

2020, 2021 సంవత్సరాలలో ఘంటా మఠాన్ని బాగుచేయుచుండగా పాత వెండి నాణేలు, రాగి రేకులు బయటపడినవి. ఎవరో జాగ్రత్తగా దాచిన వ్రాతలు అన్నాళ్లు గోడల మధ్యనే ఉన్నవి. బాగుచేయ పూనుకొన్నందుననే అవి దొరికినవి. కూల్చి మట్టి ఎత్తిపోసియుంటే ఏమగునో ఊహించుకొనవచ్చును.

కృష్ణకు దిగువన నాగార్జునకొండది ఇంకొక కథ. ఇక్ష్వాకుల నాటి బౌద్ధ విహారాలను 1954 నుండి 1960 వరకు త్రవ్విరి. లోయ జలాశయములో మునిగినది. శిల్పాలు కొండమీది మ్యూజియములో భద్రముగా ఉన్నవి. చూడవచ్చువారున్నారు, నివసించువారు లేరు.

ఇక మన సంగతి. మిషనువారు కట్టిన బంగళాలు, బోర్డింగులు మన సీమలోనూ ఉన్నవి. కొన్నిటికి తాళాలు పడినవి. అంగళ్లకు బాడుగకిద్దామని కొందరు, కూల్చుదామని కొందరు, ముట్టుకోవద్దని కొందరు అనుచున్నారు. మా మనవి రెండే మాటలు. మొదట, ప్రతి సంఘములోని బాప్తిస్మపు రిజిస్టర్లు, భూమి కాగితాలు ఈ ఏడాదే లెక్కచూచి నకళ్లు తీయించండి. చెదలకు శతాబ్ది పండుగ తెలియదు. రెండవది, ప్రతి కట్టడము ఎవరి అవసరానికి కట్టిరో అడిగి, ఆ అవసరము నేడెక్కడున్నదో వెదకండి. వానలు లేక సుగ్గికి పోవు తల్లిదండ్రులు బిడ్డలను బడి మాన్పించి వెంట తీసికొనిపోవుచున్నారు. ఆ బిడ్డలకు నాలుగు నెలలు అన్నము, పడక, చదువు దొరికితే ఆ తాళాలు తీసినందుకు ఫలితము కనిపించును.

రాతిని నిలుపుటకు డబ్బు చాలును. ఇంటిని నిలుపుటకు లోపల మనుషులుండవలెను. ఆ పిల్లల పేర్లు వ్రాసికొనుటకు ఏ ఊరి సంఘము ముందుకు వచ్చునో ఈ సభలోనే చెప్పవలెనని కోరుచున్నాము.