మన సంఘాలు, రాజకీయాలు
(వార్షిక మహాసభలో మండల సమాఖ్య తరఫున చేసిన ప్రసంగం)



మన మీటింగుల్లో ఒక మాట తరచుగా వింటుంటాం. "మనకెందుకమ్మా రాజకీయాలు, పొదుపు కట్టామా, అప్పు తీసుకున్నామా, ఇంటికి పోయామా" అని. పార్టీల గొడవల గురించైతే ఆ మాట నిజమే. కానీ మనకి వడ్డీ ఎంత పడాలి, ఊళ్ళో బెల్టు షాపు ఉండాలా వద్దా అనేది మనం లేని చోట ఎవరో కూర్చుని నిర్ణయిస్తున్నారు. అదీ రాజకీయమే గదా.

ఒకే అవసరం ఉన్నవాళ్ళు ఒకటై, ఎన్నికల్లో నిలబడకుండానే ప్రభుత్వం చేత తమ పని చేయించుకోవాలని చూస్తే వాళ్ళని ప్రయోజన సమూహం అంటారు. ప్రభావ వర్గం అని కూడా పుస్తకాల్లో ఉంటుంది. పార్టీకి కుర్చీ కావాలి. వీళ్ళకి కుర్చీలో ఎవరున్నా సరే, పని కావాలి. రైతు సంఘాలు, ఉద్యోగ సంఘాలు, మిల్లర్ల సంఘాలు అన్నీ ఈ కోవలోవే. కేంద్ర బడ్జెట్టు రాకముందే పరిశ్రమల సంఘాల వాళ్ళు ఆర్థిక మంత్రిని కలిసి తమకేం కావాలో చెప్పుకొని వస్తారు. వాళ్ళు జెండాలు పట్టుకుని రోడ్డెక్కడం మనమెప్పుడైనా చూశామా?

ఆడవాళ్ళు ఈ పని చేయలేరనుకునే వాళ్ళకి నెల్లూరు జిల్లా దూబగుంట పేరు చెప్పాలి. అక్షరాస్యత తరగతుల్లో నాలుగు అక్షరాలు నేర్చుకుంటూ, ఇంటి సంగతులు మాట్లాడుకుంటూ, ఆ ఊరి ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. రోశమ్మ గారి పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. 1992లో అది ఊరూరికీ పాకింది. సారా వేలం పాటలు జరగనివ్వకుండా వందల మంది అడ్డుపడ్డారు. వాళ్ళు ఏ పార్టీ టిక్కెట్టూ అడగలేదు. అయినా 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1994 ఎన్నికల్లో మద్య నిషేధం పెద్ద హామీ అయ్యింది. ఎన్టీఆర్ గారు గెలిచి, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం పెట్టారు. రోజుకి రూపాయి పొదుపు నెల్లూరులో ఊపందుకున్నది కూడా ఆ ఉద్యమం వెనకాలే. ఆ లెక్కన మన పొదుపు పుస్తకాలకి వాళ్ళు మేనత్తలు.

తర్వాత జరిగింది కూడా చెప్పుకోవాలి. 1997లో నిషేధం సడలిపోయింది. ఖజానాకి ఆదాయం పోయింది, దొంగ సారా పెరిగింది అన్నారు. అందులో నిజం లేకపోలేదు. కానీ మాకు తోచేదేమిటంటే, నిషేధం వచ్చాక ఆడవాళ్ళు పొలం పనుల్లోకి, పిల్లల్లోకి వెళ్ళిపోయారు. మద్యం వ్యాపారం వాళ్ళకి అదే పొలం, అదే పని. వాళ్ళు ఇళ్ళకి పోలేదు. వాళ్ళదీ ఒక ప్రయోజన సమూహమే మరి.

వదలకుండా కూర్చుంటే ఏమవుతుందో అహ్మదాబాదులో చూడొచ్చు. 1972లో ఇలా భట్ గారు పెట్టిన సేవా సంఘంలో బుట్టల్లో కూరగాయలు అమ్ముకునే వాళ్ళూ, బీడీలు చుట్టే వాళ్ళూ ఉన్నారు. అలాంటి సంఘాలు ఏళ్ళ తరబడి అడగ్గా అడగ్గా 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. దాని ప్రకారం పట్టణ కమిటీలో కనీసం నూటికి 40 మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు. అంటే అడిగేవాళ్ళకి నిర్ణయించే చోటే కుర్చీ దొరికిందన్నమాట.

ఇక మన సంగతి. ఈ ఏడాది కొన్ని సంఘాలకి బ్యాంకు అప్పు ఇచ్చి, పొదుపు ఖాతాలో డబ్బు తీయకుండా ఆపేశారు. ఆస్పత్రి ఖర్చుకి తమ సొంత పొదుపు తీసుకోలేక బయట మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకున్న సభ్యులున్నారు. మేము అడిగితే "పైనుంచి రూలమ్మా" అన్నారు. రిజర్వు బ్యాంకు సర్క్యులరు చూస్తే దానికి ఎదురుగా ఉంది. 10 లక్షల లోపు సంఘం అప్పుకి తాకట్టు అడగకూడదు, పొదుపు ఖాతా మీద పట్టు పెట్టకూడదు, డిపాజిట్ కట్టమని ఒత్తిడి చేయకూడదు అని రాసుంది. ఒక్క సంఘం వెళ్ళి చెబితే "మళ్ళీ రండి" అంటారు. సమాఖ్య తీర్మానంతో, ఖాతా నంబర్లతో సహా మండల బ్యాంకర్ల సమావేశంలో పెడితే మినిట్స్‌లో రాయక తప్పదు. అక్కడ కదలకపోతే కలెక్టరు గారి దగ్గర జరిగే జిల్లా బ్యాంకర్ల సమావేశం ఉంది.

ఎన్నికలొస్తే అన్ని పార్టీల వాళ్ళూ లారీలు పంపిస్తారు, సంఘాల వారీగా జనాన్ని తెమ్మంటారు. ఎవరి ఓటు వాళ్ళ ఇష్టం, ఎవరి మీటింగుకి పోవాలన్నా పోవచ్చు. సమాఖ్య బ్యానరు మాత్రం ఏ లారీకీ కట్టొద్దు. ఒక పార్టీ వాళ్ళమని పేరు పడితే రెండో పార్టీ మన కాగితం పక్కన పడేస్తుంది, మొదటి పార్టీ మనవాళ్ళేలే అని అసలు చదవదు.

పొదుపు ఆగిపోయిన సంఘాల లీడర్లు పాస్‌బుక్కు జిరాక్సు, తీర్మానం పుస్తకంలో సంతకాలు చేయించిన పేజీ ఈ నెలాఖరులోగా సమాఖ్య ఆఫీసులో ఇవ్వండి. మండల బ్యాంకర్ల మీటింగుకి గ్రామ సంఘానికి ఇద్దరు చొప్పున రావాలి. ఆటో ఖర్చు సమాఖ్య భరిస్తుంది.