ఇసుక నీళ్లు, అరిగిన టర్బైన్లు: విదేశీ సాయంతో స్వచ్ఛ ఇంధన పరిశోధన

నేపాల్‌లో వానాకాలం వచ్చిందంటే జలవిద్యుత్ కేంద్రాల ఇంజనీర్లకు దిగులే. నదులు నిండుగా పారేది, కరెంటు దండిగా పుట్టాల్సింది అప్పుడే. కానీ ఆ నీళ్లలో ఇసుక కొట్టుకొస్తుంది. హిమాలయాలు భూగర్భశాస్త్రం లెక్కన లేత కొండలు. వాటినుంచి రాలే ఇసుకలో పలుగురాయి పాలు ఎక్కువ, అది టర్బైన్ ఉక్కు కన్నా గట్టిది. పశ్చిమ నేపాల్‌లో 12 మెగావాట్ల ఝిమ్రుక్ కేంద్రం ఉంది. ఒక్క వర్షాకాలం గడిచేసరికి అక్కడి టర్బైన్ రెక్కలు అరిగిపోయి మరమ్మతుకొస్తాయి.

నార్వేకు ఈ బాధ తక్కువ. అక్కడ చాలా కేంద్రాలకు నీళ్లు సరస్సులనుంచి, జలాశయాలనుంచి వస్తాయి, ఒండ్రు అక్కడే దిగిపోతుంది. అయినా ఇసుక తినేసిన టర్బైన్ల మీద నేపాల్‌లో జరిగిన పరిశోధనకు దన్నుగా నిలిచింది నార్వేనే. విదేశీ సాయం ఒక విశ్వవిద్యాలయానికి ఏం చేయగలదో చెప్పడానికి ఈ ఉపన్యాసం ఎంచుకున్న ఉదాహరణ అదే.

ఈ బంధం పాతది. ఓడ్ హాఫ్టున్ అనే నార్వే ఇంజనీరు 1958లో తాన్సేన్‌లో ఆసుపత్రి కట్టడానికి వచ్చి, నేపాల్‌నే కార్యక్షేత్రం చేసుకున్నాడు. 1963లో బుట్వల్‌లో సాంకేతిక శిక్షణ సంస్థ పెట్టి కుర్రాళ్లకు చేతిపని నేర్పాడు. అక్కడ మొదలైన కృషి తినావు నది మీద 1 మెగావాట్ కేంద్రానికి, ఆ తర్వాత ఝిమ్రుక్‌కు దారితీసింది. 1991లో కాఠ్మాండూ విశ్వవిద్యాలయం పుట్టేనాటికే దేశంలో టర్బైన్ విప్పి మళ్లీ బిగించగల చేతులు ఉన్నాయి. పరిశోధనకు అంతకన్నా మంచి పునాది ఏముంటుంది?

ట్రాన్‌హైమ్‌లోని నార్వే సాంకేతిక విశ్వవిద్యాలయానికి నేపాలీ విద్యార్థులు వెళ్లారు, ఇసుక అరుగుదల మీదే పీహెచ్‌డీలు చేశారు, తిరిగొచ్చారు. 2004లో అలా పట్టా తీసుకున్న భోలా థాపా తర్వాత కాఠ్మాండూ విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. 2011లో ధులిఖేల్ ప్రాంగణంలో 300 కిలోవాట్ల టర్బైన్ పరీక్షాకేంద్రం తెరుచుకుంది. దేశమంతా కరెంటు కోతలతో అల్లాడుతున్న రోజులవి.

అక్కడ చేసే ఒక పరీక్ష చూడండి. గుండ్రటి డిస్కుకు చిన్న రెక్క నమూనాలు బిగించి, ఇసుక కలిపిన నీళ్లలో గిర్రున తిప్పుతారు. ముందొకసారి, తర్వాతొకసారి తూకం వేస్తారు. తగ్గిన బరువెంతో అరుగుదల అంత. రెక్క వంపు మారిస్తే అరుగుదల తగ్గుతుందని ఇలాంటి పరీక్షలే తేల్చాయి. ప్రశ్న నేపాల్‌ది, జవాబు వెతికిన చేతులూ నేపాల్‌వే. నార్వే డబ్బు, పాఠం, ప్రయోగశాల అనుభవం ఇచ్చింది, పైగా తొందరపెట్టలేదు.

పాకిస్థాన్ అనుభవం వేరు. అమెరికా సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ అక్కడ ఇంధనం, నీరు, వ్యవసాయ రంగాల్లో ఉన్నత అధ్యయన కేంద్రాల కోసం 12.7 కోట్ల డాలర్ల పథకం చేపట్టింది. ఇంధన కేంద్రాలు ఇస్లామాబాద్‌లోని నస్ట్ విశ్వవిద్యాలయంలో, పెషావర్ ఇంజనీరింగ్ విశ్వవిద్యాలయంలో వచ్చాయి. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ తోడు నిలిచింది. భవనాలు లేచాయి, విద్యార్థులు అమెరికా వెళ్లొచ్చారు. అది మంచి పనే, కాదనలేం. కానీ ప్రయోగశాలలు నిలదొక్కుకోవడానికి అయిదారేళ్ల గడువు చాలా తక్కువ.

ఇక 2025 జనవరి 20న అమెరికా విదేశీ సాయాన్ని 90 రోజులు ఆపేసింది. జులై 1 నాటికి యూఎస్‌ఎయిడ్ అనే సంస్థే కార్యక్రమాలు చాలించింది. ఎక్కడో ఒక రాజధానిలో పడిన సంతకంతో వేరే దేశాల పరిశోధకుల పని నిలిచిపోవడం అన్యాయం.

తెలుగునేలకూ ఈ విషయంతో సంబంధముంది. హైదరాబాద్ ఐఐటీ కంది ప్రాంగణ నిర్మాణానికి జపాన్ సంస్థ జైకా రుణమిచ్చింది. మన విద్యార్థులు జపాన్‌లో పై చదువులు చదివేందుకు ఉపకారవేతనాలూ ఇచ్చింది. భవనాలకిచ్చింది అప్పు, తీర్చాల్సిందే. కాబట్టి అక్కడ ఏ ప్రశ్నల మీద పని జరగాలో అడిగే హక్కు మనకు మరింత ఉంది.

విశ్వవిద్యాలయాల పెద్దలకు ఒక్క విన్నపం. సాయం ఒప్పందం మీద సంతకం పెట్టేముందు, చివరి ఏడాది దాటాక ప్రయోగశాల టెక్నీషియన్ జీతం ఎవరిస్తారో, పాడైన పంపు ఎవరు బాగుచేయిస్తారో అందులో రాయించండి. ఆ రెండు పద్దులకూ మొదటి ఏడాదినుంచే మీ సొంత బడ్జెట్‌లో చోటివ్వండి.