అడుగరాని పట్టములు



తార్నాక ప్రక్కనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టములు రెండు తెఱగులు. చదివి, పరీక్షయందు నెగ్గి పొందునది యొకటి. పిలిచి యిచ్చునది మఱియొకటి. 1953లో అంబేద్కరుగారికి ఆ విద్యాలయ మొసగినది యీ రెండవదియగు గౌరవపట్టము.

ఫ్రీమేసనుల సంఘమునందును ఇట్టి భేదము కలదు. హైదరాబాదున వారి మందిరము గోషామహలు బారాదరి. సంఘమున చేరగోరువాడు తానే యడుగవలెను. అటుపై శిష్యుడు, సహవృత్తి, ఆచార్యుడు అను మూడు మెట్లు క్రమముగా నెక్కును. వీనికి అనుబంధశాఖలు పెక్కు గలవు. అందు రాయల్ ఆర్డర్ ఆఫ్ స్కాట్లాండు, కాన్‌స్టంటైను రెడ్‌క్రాస్ అను శాఖలలోనికి పెక్కు చోట్ల ఆహ్వానము లేనిదే ప్రవేశము లేదు. రెండవదానికి క్రైస్తవవిశ్వాసమును కావలెను. పిలువని పేరంటమున కచట తావు లేదు.

స్కాటిష్ రైటను శాఖయందు ముప్పదిమూడవ మెట్టు గలదు. అదియు కోరి పొందునది కాదు. దానిని పొందినవాడు మేసనుల కెల్లరకు ప్రభువని కొందఱు తలతురు. అది సరికాదు. 1813లో ఇంగ్లాండునందలి రెండు మహాసభలు ఏకమైనపుడు, ప్రాచీనసంప్రదాయమున మెట్లు మూడేయనియు, రాయల్ ఆర్చి యందంతర్భాగమనియు నిర్ణయించిరి. కావున అనుబంధశాఖలోని మెట్టు ఎంత పెద్ద సంఖ్య గలదైనను మూడవ మెట్టువానిపై అధికార మొసగదు.

గౌరవపట్టము నందినవాడు విద్యాలయముపై పెత్తనము చేయడు గదా! గ్రామసభయందు ముందుపీట విషయమున మనమును ఈ వివేకమునే పాటింపవలెను. గౌరవము అడిగి తెచ్చుకొనునది కాదు. వచ్చిన గౌరవము పెత్తనమును కాదు.