రంగునకు ముందు పునాది



పండుగ వచ్చినంతనే గోడలకు సున్నము, రంగు వేయుట మన ఆచారము. కాని బీటవారిన దిమ్మెల పునాదిని రంగుతో కప్పినచో లోపము దాగునే కాని తీరదు. నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకొనును. దానితోపాటు గోడయు కదలును.

కావున బీటకు అడ్డముగా చిన్న గాజుపలకను సిమెంటుతో రెండు కొనలయందు అతికించి, తేదీ వ్రాసి, ఒక వానకాలము, ఒక వేసవి గమనింపుడు. పలక పగిలినచో పునాది ఇంకను కదలుచున్నదని గ్రహించి ఇంజనీరును సంప్రదింపుడు. పగులనిచో బీటను ఉలితో వెడల్పుచేసి, దుమ్ము దులిపి, తడిపి, 1 పాలు సిమెంటు, 3 పాళ్లు ఇసుక కలిపిన మాలును గట్టిగా కూరి, 7 దినములు తడుపవలెను. గోడ మొదట నీరు నిలువకుండ నేలను వాలుగా చేయుడు. అంతయు బాగుగా ఆరిన పిదపనే రంగు వేయుడు.

ఇట్టి జాగ్రత్త వలన వేసిన రంగు నిలుచును, ఇల్లును నిలుచును.