పి.హెచ్. మీటరు – దాని పోషణ

మా యింటి తొట్టిలోని చేపలన్నియు రెండు దినములలో చచ్చినవి. మీటరు మాత్రము నీటి పి.హెచ్. 7 అనియే చూపుచుండెను. అనుమానించి నిమ్మరసములో ముంచితిని, అపుడును 7! చూడగా కొననున్న గాజుబుడ్డికి వెండ్రుకవాసి పగులు. పగిలిన బుడ్డి దేనిలో నుంచినను 7 దరిదాపుననే నిలుచును.

కావున ఒక్క బఫరు ద్రావణముతో సరిచూచుట చాలదు. మొదట 7, పిదప 4 ద్రావణములలో ముంచి అంకెలను సరిచేయవలెను. నడుమ స్వేదనజలముతో కడిగి, మెత్తని కాగితముతో అద్దవలెనే గాని రుద్దరాదు. వాడిన ద్రావణమును మరల సీసాలో పోయుట పొదుపు కాదు, చేటు.

పని ముగిసిన పిదప బుడ్డిని స్వేదనజలములోనే యుంచుదురు కొందరు. నేనును అట్లే చేసితిని! అది ఎలక్ట్రోడులోని లవణమును లాగివేయును. పొటాసియము క్లోరైడు ద్రావణముతో తడిసియుండవలెను; ఎండినచో కొన్ని గంటలు అందే నాననిండు.