ఆస్పత్రి మంచం మీద పూర్తయిన పాట
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారి ఆజ్ఞ. బి.పి., షుగరుల గురించి డాక్టరుగారు ఇప్పుడే విపులంగా సెలవిచ్చారు. కనుక నేనొక పాట గురించి మనవి చేస్తాను. దాని పేరు "బ్లడ్ కౌంట్". అవునండీ, మనం దిండు కింద దాచుకునే రక్తపరీక్ష రిపోర్టు పేరే!

దాన్ని కట్టినవాడు బిల్లీ స్ట్రేహార్న్. 1915లో అమెరికాలో జన్మించిన నల్లజాతి సంగీతకారుడు. పిట్స్‌బర్గ్‌లో మందుల షాపులో పనిచేస్తూ పాటలు కట్టేవాడు. 1938 డిసెంబరులో జాజ్ సంగీతంలో మేటి అయిన డ్యూక్ ఎల్లింగ్టన్‌ను కలిశాడు. నాటి నుంచి ఎక్కువకాలం ఆయన బృందానికే పనిచేశాడు. ఆ బృందానికి గుర్తుగా నిలిచిన "టేక్ ది ఏ ట్రైన్" స్ట్రేహార్న్ కట్టిందే. కాని చప్పట్లు ఎక్కువగా ఎల్లింగ్టన్‌కే దక్కేవి. నోటు రాసేది గుమాస్తా, సంతకం ఆఫీసరుగారిది. ఈ సంగతి మనకు ఒకరు చెప్పాలా? 1963లో ఆ బృందం మన దేశానికి వచ్చినప్పుడు ఆయన కూడా వెంట ఉన్నాడు.

1964లో ఆయనకు అన్నవాహికలో క్యాన్సరని తేలింది. జబ్బు ముదిరి ఆస్పత్రిలో ఉండగానే, మొదట "బ్లూ క్లౌడ్" అనుకున్న పాటను పూర్తిచేసి, "బ్లడ్ కౌంట్" అని పేరు మార్చి ఎల్లింగ్టన్‌కు పంపాడు. 1967 మే 31న కన్నుమూశాడు. వయస్సు 51.

మూడు నెలలకు, ఆగస్టులో, బృందం దాన్ని రికార్డు చేసింది. జానీ హాడ్జెస్ సాక్సాఫోన్ వాయించాడు. ఆ పాటకు మాటలు లేవు. మెల్లగా మొదలై, పైకెగసి, ఒక్కసారి గొంతెత్తి ఏడ్చినట్లయి, మళ్లీ అణిగిపోతుంది. జాలిపడమని అడగదు. నొప్పి ఉన్నదని చెబుతుంది, అంతే.

ఆ రికార్డులోనే మరొకటి ఉంది. వాద్యాలు సర్దుకుంటున్న చప్పుళ్ల మధ్య ఎల్లింగ్టన్ పియానో ముందు కూర్చుని, స్ట్రేహార్న్ కట్టిన "లోటస్ బ్లాసమ్" వాయిస్తాడు. స్నేహితుడి పనికి ఇంతకంటె మంచి నివాళి నేను వినలేదు.

ఈ వయస్సులో మనలో చాలామందికి రిపోర్టుల భయం ఉంది. పిల్లలు బెంగపడతారని మనం దాస్తాం. మనం బెంగపడతామని వాళ్లు దాస్తారు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఒంటరులే. స్ట్రేహార్న్ తన రక్తపరీక్ష పేరునే పాటకు పెట్టి నలుగురి ముందుంచాడు. దానివల్ల జబ్బు తగ్గలేదు. కాని ఆఖరి రోజుల్లోనూ ఆయన ఉత్త రోగి కాదు, పనివాడు.

కుటుంబ సభ్యులకు నా విన్నపం ఒక్కటే. "మీరేం చేయకండి, పడుకోండి" అని మంచాన పడ్డవారి చేతిలోని కలం, కుట్టుసూది, జమాఖర్చుల పుస్తకం లాక్కోకండి. ఓపిక ఉన్నంతమటుకు చేసుకోనివ్వండి. మిగిలిపోయిందాన్ని అందుకోవడానికి మీరు దగ్గర ఉండండి. హాడ్జెస్ చేసింది అదే.